పాతిక వేలు పెట్టి బుడ్డోడికి కుర్చీ కొనాలా?

ముందే చెప్పేస్తాను. ఇంటిల్లిపాదీ టేబుల్ దగ్గర కూర్చుని తినే అలవాటుంటే ట్రిప్ ట్రాప్ అనే హై చైర్‌కు (చిన్న పిల్లల్ని టేబుల్ ఎత్తున కూర్చోబెట్టే కుర్చీ) పెట్టే డబ్బు దండగ కాదు. ఆ అలవాటు లేని ఇంట్లో అది నాలుగు రోజులకే తువ్వాళ్లు ఆరేసే స్టాండు అవుతుంది. ఈ మాట ఎట్లా తేలిందో కింద రాస్తున్నాను. కాస్త పొడుగే, ఓపికుంటే చదవండి.

పిల్లల సామాన్ల గురించి నాకు పెద్దగా తెలియదు. తిరుపతిలో ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం తిరుమల ఘాట్ రోడ్డు బస్సులతోనే గడిచింది. బ్రేకులు, స్టీరింగు, సీట్ల కింద బోల్టులు, ఇవే నా లోకం. అందుకని ఏ వస్తువు చూసినా ముందు కిందికి వంగి చూస్తాను. షోరూములో కూడా కుర్చీలు తిరగేస్తానని మా అమ్మాయికి చిరాకు. పిల్లల కుర్చీ విషయంలో మాత్రం ఆ అలవాటే పనికొచ్చింది. మెత్తలు, రంగులు, బొమ్మలు పైన ఉంటాయి. పిల్లాడు పడతాడా పడడా అన్నది కింద ఉంటుంది.

మాది కొర్లగుంట. అమ్మాయి, అల్లుడు మాతోనే ఉంటారు. అల్లుడు శ్రీసిటీలో ఉద్యోగం, పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే మళ్లీ చీకటి పడ్డాకే. అమ్మాయి బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తుంది. బుడ్డోడికి ఆరు నెలలు నిండి ఉగ్గు, రాగి జావ మొదలుపెట్టాక మా ఆవిడ గిన్నె పట్టుకుని వీధిలోకి దిగేది. కాకిని చూపించి ఒక ముద్ద, ఆవును చూపించి ఒక ముద్ద, పక్కింటి స్కూటర్ హారన్ కొట్టించి ఇంకో ముద్ద. గంట పట్టేది. వాడు ఏం తింటున్నాడో వాడికే తెలిసేది కాదు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. అదీ గాక వీధిలో తిని అలవాటైన పిల్లాడు వాన పడిన రోజు ఇంట్లో నోరు తెరవడు. కుర్చీ మాట అక్కడ మొదలైంది.

మొదటి కుర్చీ మేము కొనలేదు. అన్నప్రాసన నాడు వియ్యంకులు చిత్తూరు నుంచి కారు పైన కట్టుకుని తెచ్చారు. కంపెనీ పేరు చెప్పను. ఆన్‌లైన్‌లో ఆరేడు వేలకు దొరికే రకం, అచ్చం అలాంటివే వేరే వేరే పేర్లతో కనిపిస్తాయి. నాలుగు చక్రాలు, వెనక్కి వాలే సీటు, ఒకదాని మీద ఒకటి రెండు ట్రేలు, ఏనుగు బొమ్మలున్న రెక్సిన్ మెత్త. ప్రేమగా తెచ్చిన వస్తువు, ఎదురుగా ఏమంటాం? వాళ్లు బస్టాండు దాటి ఉంటారనుకున్నాక తిరగేశాను.

చక్రాల్లో వెనక రెండింటికే లాకులున్నాయి. లాకు వేస్తే చక్రం తిరగదు, నిజమే. కానీ నున్నటి టైల్స్ మీద తిరగని చక్రం కూడా జారుతుంది. బుడ్డోడు ఊగినప్పుడల్లా కుర్చీ గోడ వైపు కొంచెం కొంచెం నడిచేది. ట్రే పట్టి ఉంచేవి ప్లాస్టిక్ పళ్లు. కొన్నాళ్లకే ఒక పక్క పన్ను అరిగి ట్రేకి ప్లే వచ్చింది, తోస్తే లోపలికి పోతుంది, లాగితే ఊడి వస్తుంది. పిల్లాణ్ణి పట్టి ఉంచేది ట్రేనే అనుకునే ఇళ్లలో ఇది ప్రమాదం. ఏ కుర్చీలో అయినా పట్టి ఉంచాల్సింది బెల్టు. ముఖ్యంగా కాళ్ల మధ్య నుంచి పైకి వచ్చే పట్టీ, అది లేకపోతే పిల్లాడు కిందికి జారిపోతాడు. ట్రే గిన్నె పెట్టుకోడానికి మాత్రమే.

వెనక్కి వాలే సీటు గురించి కూడా చెప్పాలి, అమ్మేవాళ్లు దాన్నే పెద్ద గొప్పగా చెబుతారు గనక. మూడు పొజిషన్లట, ఐదు పొజిషన్లట. అన్నం తినే పిల్లాడు నిటారుగా కూర్చోవాలి. వెనక్కి వాలిన పిల్లాడి నోట్లో ముద్ద పెడితే గొంతుకు అడ్డం పడే భయం ఎక్కువ. మెడ నిలవని పిల్లలకు, ఆసరా ఇచ్చినా కూర్చోలేని పిల్లలకు అసలు ఘనాహారమే మొదలుపెట్టకూడదు. మరి ఆ వాలే సీటు ఎవరికోసం? పడుకోడానికైతే ఉయ్యాల ఉంది కదా.

మెత్త సంగతి మా ఆవిడను అడగాలి. రాగి జావ ఆరితే సిమెంటే. కుట్ల మధ్యకు పోయిందంటే పళ్లు తోముకునే బ్రష్షుతో గోకాల్సిందే. బెల్లం వేసిన రోజు సాయంత్రానికి ఎర్ర చీమలు బారులు తీరేవి. ఎండాకాలంలో రెక్సిన్ మీద కూర్చున్న పిల్లాడి వీపు తడిసి ముద్దయ్యేది. తిరుపతి మే నెల ఎండ గురించి ఇక్కడివాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఇవన్నీ సర్దుకోవచ్చు. నేను సర్దుకోలేనిది కాళ్ల పలక. ఉంది, కానీ కదలదు. ఏడాది పిల్లాడి పాదాలకు జానెడు కింద ఎక్కడో ఉంటుంది. పెద్దవాళ్లు ఒకసారి ఎత్తు స్టూలు మీద కాళ్లు వేలాడేసి కూర్చుని పప్పన్నం కలుపుకుని తిని చూడండి. నడుము నిలవదు, కాసేపటికి పక్కకు ఒరుగుతాం, కాళ్లు దేన్నో వెతుక్కుంటాయి. పిల్లలకూ అంతే. పాదాలు ఆనితే నడుము నిలుస్తుంది, నడుము నిలిస్తే చేతులు ఖాళీ అవుతాయి, చేతులు ఖాళీ అయితే గిన్నెలోకి పోతాయి. ఆనకపోతే ట్రేని తన్నడం, లేచి నిలబడాలని చూడడం, చివరికి ఎత్తుకోమని ఏడుపు. మా వాడు చేసిందంతా ఇదే. అల్లరి అనుకున్నాం.

ఈ సంగతి పట్టుకుంది నేను కాదు, అమ్మాయి. కాళ్లకు ఆసరా ఉండే కుర్చీల కోసం వెతికి వెతికి ఒక రాత్రి ఫోను నా ముందు పెట్టింది. "నాన్నా, నువ్వే చూసి చెప్పు. ధర మాత్రం ముందు చూడొద్దు." నేను ధరే ముందు చూశాను. కుర్చీ ఒక్కటే పాతిక వేల పైమాట. చిన్న పిల్లల్ని కూర్చోబెట్టే బేబీ సెట్ అదనం, ట్రే అదనం, మెత్త అదనం. మా ఆవిడ వంటింట్లోంచే, "ఏమయ్యా, కూసోడానికి పాతిక వేలా? మన పెండ్లిలో కొన్న మంచం, బీరువా, గ్రైండర్ కలిపినా అంత కాలేదే!" అంది. అప్పటి ధరలు వేరని అనబోయి ఊరుకున్నాను.

ఇంతకీ అదే ట్రిప్ ట్రాప్, నార్వేకు చెందిన పీటర్ ఒప్స్విక్ అనే డిజైనర్ 1972లో స్టోక్కే కంపెనీ కోసం చేసింది. ఆయన కొడుకు చిన్నపిల్లల కుర్చీలో పట్టనంత పెరిగాడు, పెద్దల కుర్చీలో కూర్చుంటే టేబుల్ అందదు, కాళ్లు వేలాడతాయి. ఆ అవస్థ చూసి ఈ ఆలోచన చేశాడట. అప్పటి నుంచి దాని రూపం పెద్దగా మారలేదు. బీచ్ కర్రతో రెండు పక్కల చట్రాలు, వాటి లోపలి వైపున పై నుంచి కింది దాకా వరుసగా గాళ్లు. ఆ గాళ్లలోకి దూరే పలకలు రెండు, ఒకటి కూర్చోడానికి, ఒకటి కాళ్లకు. రెండింటినీ పైకీ కిందికీ మార్చొచ్చు, ముందుకూ వెనక్కూ జరపొచ్చు. మధ్యలో ఇనుప కడ్డీలు, ఎలన్ కీతో (ఆరు పలకల కొన ఉండే వంకర కడ్డీ) బిగించే బోల్టులు. చక్రాల్లేవు, మడత పడదు, వెనక్కి వాలదు. ఫోనులో బొమ్మ చూసినప్పుడే ఇది తెలిసిన మనిషి చేసిన పని అనిపించింది. ఊడిపోయే ముక్కలు తక్కువ.

అయినా పాతిక వేలు పాతిక వేలే. ముందు బైరాగిపట్టెడలో మాకు తెలిసిన ఆచారి దగ్గరకు పోయాను. మా ఇంటి తలుపులు, కిటికీలు ఆయన చేసినవే. ఫోనులో బొమ్మ చూపించి ఇట్లాంటిది టేకులో చేస్తావా అని అడిగాను. చాలాసేపు చూశాడు. పలకలు, గాళ్లు లెక్కలోకి రావన్నాడు. ముందు కింద, నిలువు కర్ర నేల మీది కర్రను ఏటవాలుగా కలుసుకునే మూల మీద వేలు పెట్టాడు. "అన్నా, బరువంతా ఈ మూలే మోయాల. ఇది మిషన్ మీద చేసిన జాయింటు. నేను చేస్తే రెండేళ్లకు వదులవుతాది. వదులైందని నీకు తెలిసేసరికి పిల్లోడు కింద ఉంటాడు." తొమ్మిది వేలకు బేరం కుదిరే పని వద్దనుకుని నిజం చెప్పాడు. బెల్టు తగిలించడం ఇంకో సమస్య. కర్రకు స్క్రూ వేసి బెల్టు బిగిస్తే ఆ స్క్రూ ఎంత లాగుడు తట్టుకుంటుందో పరీక్ష పెట్టి చూసేవాళ్లెవరు? యూరప్‌లో హై చైర్లకు ఈఎన్ 14988 అని ఒక ప్రమాణం ఉంది. కుర్చీ వెనక్కి, పక్కకు పడుతుందా, బెల్టు నిలుస్తుందా అని అందులో పరీక్షలుంటాయి. ఏ కుర్చీ కొన్నా కింద స్టిక్కర్ మీద ఆ నంబరు ఉందేమో చూసుకోండి. ఆచారి చేసిన దానికి ఆ స్టిక్కర్ రాదు.

పై వాటాలో అద్దెకున్న వాళ్లు ఐకియా కంపెనీ ఆంటిలోప్ కుర్చీ తెచ్చుకున్నారు, బెంగళూరు నాగసంద్ర షాపు నుంచి. ప్లాస్టిక్ సీటు, నాలుగు ఊడదీసే కాళ్లు, నడుముకు ఒక బెల్టు, అంతే. ధర ట్రిప్ ట్రాప్‌తో పోలిస్తే చిల్లర. కడగడంలో దీన్ని మించింది నేను చూడలేదు. మేడ మీదికి తీసుకుపోయి పైపు పెట్టి కడిగేస్తారు, పది నిమిషాల్లో ఆరిపోతుంది. కాళ్లు బాగా వెడల్పుగా ఉంటాయి కాబట్టి పడదు. పక్కన నడిచే మనకే తగులుతుంటాయి. కాళ్లు పెట్టుకునే పలక దాంతో రాదు. ఒకటి రెండేళ్లు వాడి ఇంకొకరికి ఇచ్చేద్దామనుకునే వాళ్లు ఇది కొని దానికి పట్టే ఫుట్‌రెస్టు విడిగా తెప్పించుకుంటే సరిపోతుంది. నేనయితే ఏడు వేల చక్రాల కుర్చీ కన్నా ముందు దీన్నే కొంటాను. మా అమ్మాయి ఒప్పుకోలేదు. ఆమె చూస్తున్నది రెండేళ్ల లెక్క కాదు, పదేళ్ల లెక్క.

సరే, మధ్యే మార్గం. బెంగళూరులో అమ్మాయి స్నేహితురాలి అపార్టుమెంటులో ఎవరో విదేశం పోతూ ట్రిప్ ట్రాప్ అమ్మకానికి పెట్టారు. బేబీ సెట్, బెల్టు అన్నీ కలిపి కొత్త కుర్చీ ధరలో సగం కన్నా తక్కువ. పోయి చూశాను. తిరగేశాను. కర్రకు బీట లేదు, మూలలు గట్టి, గాళ్ల అంచులు విరగలేదు. బోల్టులు అన్నీ ఉన్నాయి, ఒక్క దాని మరే అరిగింది. ఎదురుగానే ఎలన్ కీతో విప్పి గోనె సంచిలో కట్టాను. మొత్తం ఏడు కిలోల దాకా ఉంటుంది. తిరుపతి బస్సు డిక్కీలో పడేసి, పలమనేరు, మొగిలి ఘాట్, చిత్తూరు మీదుగా ఇంటికి చేర్చాను. కండక్టరు అదేంటని అడిగాడు. కుర్చీ అంటే నమ్మలేదు.

ఇప్పుడు అసలు సంగతి, వాడకం.

బిగించడం ఒక పూట పని కూడా కాదు. కానీ ఎక్కడ బిగించాలన్నది ఆలోచించాలి. కూర్చునే పలక ఎత్తు ఎంతంటే, పిల్లాడి మోచేతులు టేబుల్ మట్టానికి రావాలి. కాళ్ల పలక ఎత్తు ఎంతంటే, పాదం మొత్తం ఆనాలి, వేళ్లు మాత్రమే కాదు. కూర్చునే పలక లోతు ఎంతంటే, వీపు వెనక ఆనినప్పుడు మోకాలి వెనక కాస్త ఖాళీ మిగలాలి. ఈ మూడూ కుదిరిన పూట మా వాడు ఏం చేశాడో చెబితే గొప్పలు అనుకుంటారు. ఏమీ చేయలేదు. తన్నలేదు, లేవలేదు. గిన్నెలో చేయి పెట్టి పప్పన్నం తీసి కొంచెం నోట్లో, మిగతాది తల మీద పెట్టుకున్నాడు. మా ఆవిడ గిన్నె లాక్కోబోతే అమ్మాయి ఆపింది. రోజూ అట్లాగే తిన్నాడని చెప్పను. పళ్లు వచ్చేటప్పుడు, జలుబు చేసినప్పుడు మళ్లీ వీధి, కాకి, ఆవు తప్పలేదు. కుర్చీ ఆకలి పుట్టించదు.

ట్రే మేము కొనలేదు, కొనొద్దనే చెబుతాను. ఈ కుర్చీని నేరుగా టేబుల్ దగ్గరకు జరపాలి. పిల్లాడు మనతో పాటు, మన ఎత్తున, మన కంచం పక్కన కూర్చోవడమే దీని పని. ట్రే పెట్టి విడిగా కూర్చోబెడితే ఆరు వేల కుర్చీకీ దీనికీ తేడా సగం పోయినట్టే. ఇక్కడే చాలా ఇళ్లలో చిక్కు. మా డైనింగ్ టేబుల్ మీద ఏముండేదో చెప్పనా? నా బీపీ మాత్రలు, కరెంటు బిల్లులు, అల్లుడి హెల్మెట్, ఎవరో దర్శనానికి పోయి వస్తూ ఇచ్చిన లడ్డూ కవర్లు. నేను, మా ఆవిడ కింద కూర్చుని టీవీ ముందు తినేవాళ్లం. కుర్చీ వచ్చాక టేబుల్ ఖాళీ చేయక తప్పలేదు. నా మోకాళ్లకు అది మేలే చేసింది గానీ, ఇష్టంగా కింద కూర్చుని తినే ఇల్లయితే మార్చుకోవద్దు. పిల్లాణ్ణి పక్కన చాప మీద కూర్చోబెట్టుకోండి. పాదాలు నేల మీదే ఉంటాయి, పడే భయం లేదు, ఖర్చూ లేదు.

నేల గురించి ఇప్పుడు చెప్పాలి, ఎందుకంటే దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. టేబుల్‌కు దగ్గరగా కూర్చున్న పిల్లాడు తప్పకుండా ఒక రోజు పాదాలతో టేబుల్ అంచును తంతాడు. అప్పుడు కుర్చీ రెండే పనులు చేయగలదు, వెనక్కి జారడం లేదా వెనక్కి పడడం. జారితే మంచిది. అందుకే ఈ కుర్చీ నేల మీది కర్రలకు వెనక వైపు పొడవాటి ప్లాస్టిక్ గ్లైడర్లు తగిలిస్తారు, బేబీ సెట్ వాడినంత కాలం అవి ఉండాల్సిందే. నేల సమంగా, గట్టిగా, కుర్చీ తేలిగ్గా జారేట్టు ఉండాలని కంపెనీ కాగితంలోనూ రాసి ఉంటుంది. ఘాట్ ఎక్కే బస్సులో లోడు వెనక్కి పోతే ముందు చక్రాలు తేలికవుతాయి, ఇక్కడా అదే లెక్క. మా ముందు గదిలో టైల్స్, అక్కడ బాగా జారుతుంది. వెనక గదిలో పాత కడప బండలు. బండకీ బండకీ మధ్య సందుల్లో సిమెంటు ఊడి గుంటలున్నాయి. ఒకసారి ఖాళీ కుర్చీని అక్కడ పెట్టి టేబుల్ వైపు నుంచి నెట్టి చూశాను. గ్లైడరు సందులో తట్టుకుని ముందు భాగం లేచింది. ఆ గదిలో వాడొద్దని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాను. తివాచీ మీద, గోనె పట్టాల మీద కూడా పెట్టకండి. గ్లైడర్లు లేకుండా పాత కుర్చీ అమ్మేవాళ్లుంటారు, అవి లేకపోతే బేరం వదిలేయండి, లేదా తెప్పించుకున్నాకే వాడండి.

కడగడం సంగతి. కర్రను తడి గుడ్డతో తుడిస్తే చాలు, రాగి జావ అప్పుడే తుడిస్తే పోతుంది. పసుపు మాత్రం మొండిది. మాది లేత రంగు కర్ర, సాంబారు పడి కాసేపు ఉంటే మరక వస్తుంది. ఎండలో పెడితే పోతుందని మా ఆవిడ మేడ మీద పెట్టబోయింది, వద్దన్నాను. కర్ర వంగితే పలకలు గాళ్లలో పట్టవు. కొత్తది కొనేవాళ్లు ముదురు రంగు తీసుకోండి, తెలుపు జోలికి పోకండి. మెత్త అసలే వద్దు. అన్నిటికన్నా తలనొప్పి బెల్టు. పట్టీల మడతల్లో పెరుగన్నం చేరి పులిసిపోతుంది. విప్పి, నానబెట్టి, ఆరబెట్టి మళ్లీ తగిలించాలి. ఈ ఒక్క విషయంలో పాతిక వేల కుర్చీ, ఆరు వేల కుర్చీ ఒకటే.

బోల్టులు కొత్తగా బిగించాక కొన్నాళ్లకు వదులవుతాయి, మళ్లీ బిగించాలి. ఇది లోపం కాదు, కర్ర గుణం. కానీ ఆ పని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని చేయాలి. మా ఇంట్లో నేనున్నాను. ఎలన్ కీ ఎక్కడుందో తెలియని ఇళ్లు చాలా ఉంటాయి, అక్కడ కుర్చీ కిర్రుమంటుంటే పిల్లాడు బరువెక్కాడు అనుకుంటారు.

తిరుపతిలో ఇల్లుందంటే అది బంధువులకు సత్రమే. కొండకు పోయే ముందు రోజు ఒక కుటుంబం, దిగిన రోజు ఇంకో కుటుంబం, పిల్లలతో సహా. అందుకని ఈ కుర్చీకి మా ఇంట్లో జరిగిన పరీక్ష మామూలుది కాదు. ఐదేళ్ల పాప కూర్చుంది, ఎనిమిదేళ్ల పిల్లాడు కూర్చుని హోంవర్కు చేశాడు, మా బావమరిది సరదాకు కూర్చుని ఇడ్లీ తిన్నాడు, ఆయన చిన్న మనిషేం కాదు. పెద్దవాళ్లూ కూర్చోవచ్చని కంపెనీ చెప్పిన మాట నిజమే, చట్రం కిమ్మనలేదు. చిక్కేంటంటే, ఒక్కొక్కరికి పలకల ఎత్తు మార్చాలంటే ఎలన్ కీ పట్టుకుని బోల్టులు వదులు చేయాలి, పలక తీయాలి, వేరే గాడిలో దూర్చాలి, మళ్లీ బిగించాలి. పూటకోసారి చేసే పని కాదు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఒకే కుర్చీతో సరిపెడదామనుకుంటే కుదరదు. పెద్దవాడు దిగి చిన్నవాడు ఎక్కాలంటే మెకానిక్ కావాలి.

ఇప్పుడు బుడ్డోడు రెండేళ్లు దాటాడు. బేబీ సెట్ ఇంకా ఉంచాం, మూడేళ్ల దాకా వాడొచ్చు. తనే ఎక్కుతాడు, కాళ్ల పలక మెట్టులా పనికొస్తుంది. అదొక సౌకర్యం, అదే ఒక టెన్షన్ కూడా. ఎక్కడం వచ్చిన పిల్లాడు ఎవరూ చూడనప్పుడూ ఎక్కుతాడు, అక్కడి నుంచి టేబుల్ మీదికి కూడా. తిన్నాక కుర్చీని టేబుల్‌కు దూరంగా, గోడకు పెట్టేస్తాం. చక్రాల కుర్చీ బాల్కనీలో ఉంది. వియ్యంకులు వచ్చే రోజు ముందు గదిలోకి వస్తుంది.

కొత్తది పూర్తి ధర పెట్టి కొనాలా అని అల్లుడి ఆఫీసులో ఒకాయన అడిగారట. రెండో బిడ్డ ఆలోచన ఉంటే, రోజూ టేబుల్ దగ్గరే తింటుంటే, ఆ డబ్బుకు ఇంట్లో వేరే ఖర్చు ఆగకపోతే, కొనుక్కోమనండి అన్నాను. అప్పు చేసి, క్రెడిట్ కార్డు ఈఎంఐల్లో కొనే వస్తువు మాత్రం కాదు. పాతది దొరికితే పాతదే నయం, కర్ర కుర్చీకి మొదటి రెండేళ్లలో అరిగేది పెద్దగా ఏమీ లేదు. పాతది చూడటానికి పోయేటప్పుడు జేబులో ఒక ఎలన్ కీ పెట్టుకుపోండి. బోల్టులు విప్పి బిగించి చూడండి, మర తిరిగిపోతుంటే మార్పించాలి. పలకలు గాళ్లలో బిగువుగా పట్టాలి, చేత్తో ఊపితే టకటకమనకూడదు. బెల్టు పట్టీల అంచులు చీలాయేమో, బకిల్ నొక్కితే వెంటనే వదులుతుందా, నొక్కకుండా లాగితే వదలకుండా ఉంటుందా చూడండి. అమెరికా నుంచి తెచ్చుకున్నదో, బంధువుల ఇంట్లో ఏళ్ల తరబడి మూల పడి ఉన్నదో అయితే కుర్చీ మీది స్టిక్కర్ చూడండి. 2003 మే నెలకు ముందు తయారైన కుర్చీలకు ఇప్పటి బేబీ సెట్ పట్టదు. సెట్ లేకుండా చిన్న పిల్లాణ్ణి అందులో కూర్చోబెట్టకూడదు. అట్లాంటిది ఉచితంగా ఇచ్చినా బేబీ సెట్ అవసరం తీరిన పెద్ద పిల్లాడికే.